చిన్న వైర్‌లెస్ పరికరాలకు తేలికైన ధ్రువీకరణ: మొదటి కీ నుంచి చివరి పరీక్ష దాకా

గోడకు అతికించిన ఉష్ణోగ్రత సెన్సర్ పది నిమిషాలకోసారి నిద్ర లేచి, ఒక చిన్న ప్యాకెట్‌ను గాలిలోకి వదిలి, మళ్లీ పడుకుంటుంది. ఆ ప్యాకెట్ గేట్‌వేకు (సెన్సర్ల మాటలు విని సర్వర్‌కు చేరవేసే పెట్టెకు) ఎంత చక్కగా వినిపిస్తుందో, పక్కనే రేడియో పట్టుకుని కూర్చున్న అపరిచితుడికీ అంతే చక్కగా వినిపిస్తుంది. అతడు దాన్ని దాచుకుని రేపు మళ్లీ పంపవచ్చు. తనే ఆ సెన్సర్‌నని చెప్పుకుని వేరే విలువ పంపవచ్చు. అవతలి పక్క ఉన్నది సెన్సర్ కాక తలుపు తాళమైతే పరిస్థితి ఎలా ఉంటుందో ఊహించడం కష్టం కాదు.

ఇలాంటి పరికరాల భద్రత గురించి చదివేటప్పుడు చర్చంతా ఏ సైఫర్ (గుప్తీకరణ పద్ధతి) మంచిది అన్నచోటే ఆగిపోతుంటుంది. నా అనుభవంలో సైఫర్ ఎంపిక ఒక పూట పని. అసలు తిప్పలు పెట్టేది జ్ఞాపకం: కరెంటు పోయి వచ్చాక పరికరానికి ఏది గుర్తుండాలి, ఎక్కడ రాసుకోవాలి, ఏ క్రమంలో రాసుకోవాలి. అందుకే ఈ మార్గదర్శిలో మొదటి అడుగులు చకచకా సాగుతాయి, ఏడో అడుగు దగ్గర ఎక్కువసేపు నిలబడతాం.

అడుగు 1: పరికరాన్ని తూకం వేయండి

‘చిన్న పరికరం’ అన్న మాటకు ఒక కొలత ఉంది. 2014లో వచ్చిన ఇంటర్నెట్ సాంకేతిక పత్రం ఆర్ఎఫ్‌సీ 7228 ఈ పరికరాలను మూడు తరగతులుగా విడదీసింది. 1వ తరగతికి సుమారు 10 కిలోబైట్ల ర్యామ్, 100 కిలోబైట్ల ఫ్లాష్ ఉంటాయి. 2వ తరగతికి సుమారు 50, 250 కిలోబైట్లు. 0వ తరగతి 1వ తరగతి కన్నా చాలా కిందే ఉంటుంది, గేట్‌వే సాయం లేకుండా అది ఇంటర్నెట్‌తో భద్రంగా మాట్లాడలేదు. ఇక్కడ చెప్పేదంతా 1వ తరగతిని దృష్టిలో పెట్టుకుని చెబుతున్నదే.

మెమరీ కన్నా ముందు చూడాల్సింది రేడియో. తక్కువ విద్యుత్తు రేడియోలకు వాడే 802.15.4 ప్రమాణంలో ఒక ఫ్రేము గరిష్ఠంగా 127 బైట్లు. ఎక్కువ దూరం పోయే రేడియో పద్ధతి లోరాలో అతి నెమ్మదైన వేగం వద్ద చిన్న సందేశం కూడా ఒక సెకనుకు పైగా గాలిలో ఉంటుంది. 32 బిట్ల ప్రాసెసర్ ఏఈఎస్ అనే ప్రామాణిక సైఫర్‌లో ఒక బ్లాకును సాఫ్ట్‌వేర్‌లోనే కొన్ని వేల క్లాక్ సైకిళ్లలో ముగిస్తుంది, అంటే మిల్లీసెకనులో చిన్న భాగం. బ్యాటరీని తినేది లెక్కలు కాదు, బైట్లు. కాబట్టి ఏ ప్రోటోకాల్ చూసినా ముందు అడగాల్సిన ప్రశ్న: ఎన్ని సందేశాలు, మొత్తం ఎన్ని బైట్లు?

మీ పరికరం గురించి మూడు విషయాలు కాగితం మీద రాసుకోండి. అది వినగలదా, లేక పంపడం మాత్రమే వచ్చా? గాఢనిద్రలో ర్యామ్ నిలుస్తుందా? చిప్‌లో ఏఈఎస్ హార్డ్‌వేర్, యాదృచ్ఛిక సంఖ్యల జనరేటర్ ఉన్నాయా? తర్వాతి నిర్ణయాలన్నీ ఈ జవాబుల మీదే ఆధారపడతాయి.

అడుగు 2: సైఫర్ ఎంచుకోండి, అల్లకండి

ఏఈఎస్ హార్డ్‌వేర్ ఉంటే వెతుకులాట అక్కర్లేదు. ముద్రకు ఏఈఎస్-సీమ్యాక్ (ఆర్ఎఫ్‌సీ 4493), గోప్యత, ముద్ర రెండూ కావాలంటే ఏఈఎస్-సీసీఎమ్. బ్లూటూత్ లో ఎనర్జీ, 802.15.4 రెండూ వాడేది సీసీఎమ్‌నే. (కీ తెలిసినవారే లెక్కించగలిగేలా సందేశం చివర జోడించే ధ్రువీకరణ ట్యాగ్‌ను ఈ వ్యాసంలో ‘ముద్ర’ అంటున్నాను.) హార్డ్‌వేర్ లేకపోతే అస్కాన్ వైపు చూడండి. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ చిన్న పరికరాల కోసం 2023 ఫిబ్రవరిలో దాన్ని ఎంపిక చేసి, 2025 ఆగస్టులో ప్రమాణంగా ప్రచురించింది. దాని అంతర్గత స్థితి 320 బిట్లు, అంటే 40 బైట్లే. కీ 128 బిట్లు.

‘మన పరికరం మరీ చిన్నది, నాలుగు ఎక్స్‌ఆర్‌లతో (బిట్లను కలిపే సాదా లెక్కలతో) సరిపెడదాం’ అన్న ఆలోచన వస్తే ఈ చరిత్ర గుర్తు చేసుకోండి. కొన్ని కార్ల తాళంచెవుల్లోని 40 బిట్ల రహస్య సైఫర్‌ను పరిశోధకులు 2005లో ఛేదించారు. స్మార్ట్ కార్డుల్లోని 48 బిట్ల క్రిప్టో-1 బండారం 2008లో బయటపడింది. ఆర్ఎఫ్ఐడీ ట్యాగుల కోసం 2006లో ప్రతిపాదించిన ఎల్‌మ్యాప్ అనే ధ్రువీకరణ పద్ధతి, దాని తోబుట్టువులు ఎక్కువ కాలం నిలవలేదు. రహస్యంగా ఉంచాల్సింది కీ ఒక్కటే, పద్ధతి కాదు.

అడుగు 3: ఒక్కో పరికరానికి ఒక్కో కీ

తయారీ సమయంలోనే ప్రతి పరికరంలోకి వేరువేరు 128 బిట్ల కీ ఎక్కించండి. అన్నింటికీ ఒకటే కీ పెడితే పని సులువే, కానీ ఒక పరికరాన్ని విప్పినవాడికి మొత్తం వ్యవస్థ దొరికిపోతుంది. 2016లో కొందరు పరిశోధకులు ఒక ప్రసిద్ధ స్మార్ట్ బల్బు వాడే విద్యుత్తులోని హెచ్చుతగ్గులను కొలిచి, ఫర్మ్‌వేర్‌ను ధ్రువీకరించే కీని రాబట్టారు. ఆ రకం బల్బులన్నింటిలోనూ ఉన్నది అదే కీ. అదే ఏడాది మిరాయ్ అనే హానికర ప్రోగ్రామ్ లెక్కలేనన్ని కెమెరాలను లోబరచుకున్నది అరవై చిల్లర ఫ్యాక్టరీ పాస్‌వర్డుల జాబితాతోనే.

కీలను తయారు చేయడానికి రెండు దారులు. ఒక్కో పరికరానికి యాదృచ్ఛిక కీ సృష్టించి సర్వర్ డేటాబేసులో దాచడం ఒకటి. ఒక మాస్టర్ కీ, పరికరం ఐడీ కలిపి సీమ్యాక్‌తో కీని పుట్టించడం రెండోది. రెండోదానిలో డేటాబేసు బెడద ఉండదు, కానీ మాస్టర్ కీ పోతే అన్నీ పోతాయి. కాబట్టి మాస్టర్ కీని గేట్‌వేలో ఎన్నడూ పెట్టకండి. గేట్‌వే కూడా ఎవరో ఒకరు ఎత్తుకుపోగలిగే పెట్టే.

పరికరంలోని కీని నేరుగా ఏ సందేశానికీ వాడకండి. దాని నుంచి పరిచయానికి ఒకటి, నాన్స్ (ఒక్కసారే వాడాల్సిన సంఖ్య) తయారీకి ఒకటి, సెషన్ కీలు (ఒక విడత సంభాషణకే వాడే కీలు) పుట్టించడానికి ఒకటి చొప్పున ఉపకీలు తీయండి. వేర్వేరు లేబుళ్ల మీద సీమ్యాక్ లెక్కిస్తే చాలు. చివరగా డీబగ్ పోర్టును (చిప్ లోపలి మెమరీ చదవగలిగే ద్వారాన్ని) మూసేయండి. ఆ తాళం ఉక్కు తాళమేమీ కాదు: వోల్టేజీని క్షణకాలం కుంగదీసి ఒక పేరున్న చిప్ శ్రేణి రక్షణను 2020లో దాటారు. ఒక్కో పరికరానికి ఒక్కో కీ పెట్టమనడానికి ఇదీ ఒక కారణమే.

అడుగు 4: మూడు సందేశాల పరిచయం

పరికరం వినగలిగేదైతే, అదీ గేట్‌వే ఒకదాన్నొకటి గుర్తుపట్టడానికి ఈ పద్ధతి సరిపోతుంది.

మొదటి సందేశం, పరికరం నుంచి: రకం 1 బైటు, ఐడీ 4 బైట్లు, పరికరం నాన్స్ 8 బైట్లు.

రెండో సందేశం, గేట్‌వే నుంచి: రకం 1, ఐడీ 4, గేట్‌వే నాన్స్ 8, ముద్ర 8. ఈ ముద్రను ‘గేట్‌వే’ అన్న లేబుల్, ఐడీ, రెండు నాన్స్‌ల మీద లెక్కించాలి.

మూడో సందేశం, పరికరం నుంచి: రకం 1, ఐడీ 4, ముద్ర 8. ముద్రలోకి అవే వెళతాయి, లేబుల్ మాత్రం ‘పరికరం’.

మొత్తం 47 బైట్లు. ముద్రలు సరిపోయాక ఇద్దరూ ‘సెషన్’ లేబుల్‌తో, రెండు నాన్స్‌లతో కొత్త కీ పుట్టించుకుంటారు. ఇందులో ఎక్కడా కీ గాలిలో ప్రయాణించలేదు.

లేబుల్ అలంకారానికి కాదు. అది లేకపోతే ఇరు పక్షాల ముద్రలు ఒకేలా ఉంటాయి. అప్పుడు గేట్‌వే పంపిన రెండో సందేశంలోని ముద్రనే మూడో సందేశంగా తిప్పి కొట్టి, కీ తెలియనివాడు కూడా పరికరంగా చెలామణి అవుతాడు. అద్దంలో తన ముఖాన్నే చూసి ‘నువ్వు నాకు తెలుసు’ అనుకోవడం లాంటిది ఇది. ఒక్క బైటు లేబుల్ దీన్ని ఆపుతుంది.

అడుగు 5: నాన్స్‌ను నమ్మదగినదిగా చేయండి

గేట్‌వే నాన్స్ ఎలాగూ యాదృచ్ఛికం కదా, పరికరం నాన్స్ ఎప్పుడో ఒకసారి మళ్లీ వస్తే ఏమవుతుంది అని అడగవచ్చు. చూడండి. పరికరం పాత నాన్స్‌నే మళ్లీ పంపింది. దాడి చేసేవాడు అప్పట్లో రికార్డు చేసిన రెండో సందేశాన్ని తెచ్చి ముందు పెట్టాడు. అందులోని ముద్ర నిజమైనదే, సరిపోతుంది. అదే పాత సెషన్ కీ పుడుతుంది, ప్యాకెట్లను లెక్కించే కౌంటర్ సున్నా నుంచి మొదలవుతుంది, పాత కీతో పాత నాన్స్‌లతో కొత్త సమాచారం బయటికి పోతుంది. 2017లో వైఫైని కుదిపిన క్రాక్ దాడిలోనూ మూలం ఇదే తరహా: వాడిన కీని మళ్లీ ప్రతిష్ఠింపజేసి లెక్కను మొదటికి తెప్పించడం.

చిప్‌లో హార్డ్‌వేర్ జనరేటర్ ఉంటే దాన్ని వాడండి, అయితే దాని డాక్యుమెంటు చివరిదాకా చదవండి. ఈఎస్‌పీ32 అనే చిప్‌లో వైఫై గానీ బ్లూటూత్ గానీ నడవనప్పుడు, వేరే ఎంట్రోపీ (యాదృచ్ఛికత) మూలమేదీ తెరవకపోతే, వచ్చే సంఖ్యలను నిజమైన యాదృచ్ఛిక సంఖ్యలుగా నమ్మలేం. బూట్ అయిన తొలి క్షణాల్లో ఎంట్రోపీ చాలకపోవడం ఎంత ప్రమాదమో 2012లో ఇంటర్నెట్‌ను జల్లెడ పట్టిన పరిశోధకులు చూపించారు: ఒకదానితో ఒకటి సంబంధం లేని పరికరాలు ఒకే కీలను పంచుకుంటూ కనిపించాయి.

జనరేటర్ లేకపోతే నిరాశ వద్దు. బూట్ కౌంటర్‌ను ఫ్లాష్‌లో దాచండి, ప్రతి బూట్‌కూ ఒకటి పెంచండి, దాని మీద నాన్స్ ఉపకీతో సీమ్యాక్ లెక్కించి అందులో 8 బైట్లు పంపండి. ఒకే బూట్‌లో పరిచయం రెండోసారి చేయాల్సి వస్తే ప్రయత్నం సంఖ్యనూ ఆ లెక్కలో కలపండి. కౌంటర్‌ను ముసుగు లేకుండా పంపకూడదు. రేపటి సంఖ్య ఊహించగలిగితే, దాన్ని ఈరోజే గేట్‌వేకు పంపి జవాబు ముందే సంపాదించి పెట్టుకోవచ్చు. లోరా మీద నడిచే లోరావ్యాన్ ప్రోటోకాల్ తొలి రూపాల్లో, నెట్‌వర్క్‌లో చేరేటప్పుడు పంపే నాన్స్ 16 బిట్ల యాదృచ్ఛిక సంఖ్య. అంత చిన్న సంఖ్య మూడు వందల చేరికల దరిదాపుల్లోనే పునరావృతం కావచ్చు. తర్వాతి రూపాల్లో దాన్ని కౌంటర్‌గా మార్చారు.

అడుగు 6: సమాచార ప్యాకెట్

రకం 1, ఐడీ 4, కౌంటర్ 4, గుప్తీకరించిన విలువలు 6 (ఉష్ణోగ్రత, తేమ, బ్యాటరీ తలా రెండు), ముద్ర 8. మొత్తం 23 బైట్లు. సీసీఎమ్‌కు కావాల్సిన 13 బైట్ల నాన్స్‌ను పంపనక్కర్లేదు. దిశ 1 బైటు, ఐడీ 4, కౌంటర్ 4, మిగతావి సున్నాలు. ఇరుపక్షాలూ దాన్ని ఎవరికి వారే కట్టుకుంటారు. రకం, ఐడీ, కౌంటర్ బయటికి కనబడినా వాటినీ ముద్ర లెక్కలో చేర్చాలి.

ముద్ర 4 బైట్లకు తగ్గించవచ్చా? 32 బిట్లంటే దాదాపు 429 కోట్ల అవకాశాలు. నెమ్మదైన రేడియోలో సెకనుకొకటి చొప్పున అన్నీ ప్రయత్నించాలంటే 136 ఏళ్లు పడుతుంది. ఉష్ణోగ్రత విలువకు అది చాలు. తలుపు తెరిచే ఆదేశానికి మాత్రం నేను 8 బైట్లు తగ్గించను.

అడుగు 7: కౌంటర్‌ను కాపాడండి

నేను మొదట్లో రాసిన ఒక సెన్సర్ కోడ్‌లో కౌంటర్ ర్యామ్‌లోనే ఉండేది. బల్ల మీద నెలల తరబడి బ్రహ్మాండంగా పనిచేసింది. బ్యాటరీ మార్చిన రోజున సున్నాకు వచ్చింది, గేట్‌వే ప్రతి ప్యాకెట్‌నూ పాతదని తోసిపుచ్చింది. అప్పుడు నేను చేసిన మరమ్మతు తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది: కౌంటర్ సున్నా అయితే ఆమోదించమని గేట్‌వేకు చెప్పాను. అంటే సున్నా సంఖ్య గల పాత ప్యాకెట్‌ను, దాని వెనకే మిగతావన్నీ వరుసగా ఎవరు పంపినా సరేనన్నట్టే. అంతకన్నా ఘోరం, అదే కీతో అవే నాన్స్‌లు రెండోసారి వెళ్లాయి. సీసీఎమ్‌లో నాన్స్ పునరావృతమైతే రెండు గుప్త సందేశాలను ఎక్స్‌ఆర్ చేస్తే చాలు, రెండు అసలు సందేశాల ఎక్స్‌ఆర్ చేతికొస్తుంది. అలాంటిదే మరో పద్ధతి జీసీఎమ్‌లోనైతే ముద్ర వేసే రహస్యమే లీకవుతుంది.

పరికరం వినగలిగేదైతే, ప్రతి బూట్‌కూ పరిచయం జరిపి కొత్త సెషన్ కీ తీసుకుంటే, ప్యాకెట్ కౌంటర్ ర్యామ్‌లో ఉన్నా ఫర్వాలేదు. అప్పుడు ఫ్లాష్‌లో నిలవాల్సింది బూట్ కౌంటర్ మాత్రమే. పంపడం తప్ప వినడం రాని పరికరమైతే, లేదా నిద్రలో ర్యామ్ పోయేదైతే, ప్యాకెట్ కౌంటర్ ఫ్లాష్‌లో బతకాలి.

ప్రతి ప్యాకెట్‌కూ ఫ్లాష్‌లో రాస్తే ఫ్లాష్ అరిగిపోతుంది. చాలా చిప్‌లలో ఒక పేజీని భరోసాగా చెరపగలిగేది 10,000 సార్లే. అందుకని ముందస్తుగా కేటాయించుకోండి. బూట్ కాగానే ఫ్లాష్‌లోని సంఖ్య చదవండి, దానికి 1,024 కలిపి రాయండి, సరిగా పడిందో లేదో తిరిగి చదివి చూడండి. ఆ తర్వాతే పాత సంఖ్య నుంచి పంపడం మొదలుపెట్టండి. 1,024 అయిపోవస్తే మరో 1,024. పది నిమిషాలకో ప్యాకెట్ చొప్పున ఇది వారానికోసారి రాయడం. మధ్యలో కరెంటు పోతే గరిష్ఠంగా 1,024 సంఖ్యలు వృథా అవుతాయి, అంతే. 32 బిట్ల కౌంటర్ అలాంటి రీబూట్లను 41 లక్షలకు పైగా తట్టుకుంటుంది.

క్రమం తారుమారు చేయకండి. ముందు పంపి తర్వాత రాస్తే, ఆ రెంటి మధ్య బ్యాటరీ ఊడిన ఒక్క క్షణం చాలు, సంఖ్య పునరావృతం కావడానికి.

ఇక్కడ ఇంకో గొయ్యి ఉంది. బ్యాటరీ చివరి దశలో వోల్టేజీ కుంగి, రేడియో ఆన్ చేయగానే పరికరం రీసెట్ అవుతుంది, మళ్లీ లేస్తుంది, మళ్లీ పడుతుంది. సెకనుకో రీబూట్ అనుకున్నా, ప్రతిసారీ పేజీ చెరిపితే 10,000 చెరపడాలు మూడు గంటల్లోపే ఖర్చయిపోతాయి. దీనికి విరుగుడు, పేజీని లాగ్ పుస్తకంలా వాడటం. 4 కిలోబైట్ల పేజీలో 8 బైట్ల నమోదులు 512 పడతాయి. వరుసగా ఒకదాని కింద ఒకటి రాయండి, నిండాక రెండో పేజీకి మారండి, కొత్త పేజీలో మొదటి నమోదు భద్రంగా పడ్డాకే పాతది చెరపండి. ఒక్కో నమోదుకు సీఆర్‌సీ (పొరపాట్లు పట్టే సరిచూపు సంఖ్య) జత చేయండి, సగం రాసిన నమోదును గుర్తుపట్టడానికి. బూట్‌లో వోల్టేజీ కొలిచి, తక్కువుంటే ఏమీ రాయకుండా పడుకోవడం ఇంకా మంచిది.

అడుగు 8: అందుకునే వైపు క్రమం

ప్యాకెట్ రాగానే ఈ వరుసలో పరీక్షించండి: పొడవు, రకం, ఐడీ తెలిసినదేనా, కౌంటర్ చివరిసారి చూసినదానికన్నా పెద్దదేనా, ఆ తర్వాత ముద్ర. చవకైన పరీక్షలు ముందుంటే చెత్త ప్యాకెట్ల కోసం బ్యాటరీ కరగదు. ఇలా నిద్రపోనీయకుండా చంపే దాడిని 1999లోనే పరిశోధకులు స్టజానో, ఆండర్సన్ వర్ణించారు.

ముద్ర సరిపోయాకే నిల్వలోని కౌంటర్ మార్చాలి. ఈ రెండు వరుసలు తారుమారైన కోడ్ నాకు చాలాసార్లు ఎదురైంది. ఎవడో చెత్త ముద్రతో, ఆకాశమంత కౌంటర్‌తో ఒక ప్యాకెట్ పంపుతాడు. గేట్‌వే ఆ సంఖ్యను రాసేసుకుంటుంది, నిజమైన సెన్సర్ ఇక శాశ్వతంగా ‘పాతది’ అయిపోతుంది. అలాగే తప్పు ముద్రలు పది వచ్చాయని ఆ ఐడీని నిషేధించకండి. ఐడీ ఎవరైనా రాయగలరు, శిక్ష అమాయకుడికి పడుతుంది.

ముద్రలను పోల్చేటప్పుడు మొదటి తేడా దగ్గర ఆగకుండా అన్ని బైట్లూ చూడండి. తప్పు ప్యాకెట్‌కు జవాబు ఇవ్వకండి, మౌనమే మేలు.

పబ్లిక్ కీ ఎప్పుడు?

ఒక కీని బహిరంగంగా, దాని జతను రహస్యంగా ఉంచే ఈ పద్ధతి అవసరమయ్యేది, ముందుగా కీ పంచుకోవడం కుదరని చోట. చిన్న కార్టెక్స్-ఎమ్0 ప్రాసెసర్ మీద ఎక్స్25519 అనే పబ్లిక్ కీ పద్ధతిలో ఒక గుణకారం సుమారు 35 లక్షల సైకిళ్లు తీసుకుంటుంది. ఎప్పుడో ఒకసారి జరిగే పరిచయానికి అది మోయలేని భారం కాదు. సొంతంగా కట్టే బదులు 2024లో ఆర్ఎఫ్‌సీ 9528గా వచ్చిన ఎడ్‌హాక్ అనే పరిచయ ప్రోటోకాల్ చూడండి. అనుకూలమైన అమరికలో దాని మూడు సందేశాలూ కలిపి 101 బైట్లే.

దూరం విషయంలో మాత్రం ఏ కీ ఆదుకోదు. తలుపు దగ్గర ఒకరు, మీ జేబులోని తాళంచెవి దగ్గర మరొకరు నిలబడి సందేశాలను యథాతథంగా అటూఇటూ మోస్తే ముద్రలన్నీ సరిపోతాయి. దానికి సంకేతం వెళ్లి వచ్చిన సమయాన్ని కొలవాలి. పరిశోధకులు బ్రాండ్స్, చామ్ 1993లోనే సూచించిన మార్గమిది, ఇప్పుడు అల్ట్రా వైడ్‌బ్యాండ్ రేడియోలు చేస్తున్నదీ ఇలాంటి కొలతే.

అడుగు 9: విరగ్గొట్టి చూడండి

సీమ్యాక్, సీసీఎమ్ కోడ్‌ను ఆర్ఎఫ్‌సీ 4493, 3610లలోని నమూనా విలువలతో సరిచూడండి. తర్వాత అసలు హింస మొదలుపెట్టండి. ఒక ప్యాకెట్ రికార్డు చేసి వెంటనే ఒకసారి, రీబూట్ తర్వాత మరోసారి తిరిగి పంపండి. ప్యాకెట్‌లో ఒక్కో బిట్‌నూ తిరగేసి పంపండి, ఒక్కటీ ఆమోదం పొందకూడదు. గేట్‌వే ముద్రను గేట్‌వేకే తిప్పి పంపండి. ఒక రిలేతో పరికరం విద్యుత్తును వెయ్యిసార్లు అడ్డదిడ్డంగా తెంచి, బయటికి వచ్చిన నాన్స్‌లన్నీ ఫైలులో పోసి పునరావృతాల కోసం వెతకండి. ఫ్లాష్ రాసే సమయంలోనే తెగేలా కొన్ని వందలసార్లు ప్రత్యేకంగా చేయండి.

ఆఖరుది ఎక్కువమంది మరిచిపోయేది. గేట్‌వే డేటాబేసును బ్యాకప్ తీయండి, ఒక రోజు నడవనివ్వండి, ఆ రోజు ప్యాకెట్లన్నీ రికార్డు చేయండి, ఆపై బ్యాకప్‌ను పునరుద్ధరించండి. కౌంటర్లన్నీ నిన్నటి స్థితికి వెళతాయి. ఇప్పుడు రికార్డు చేసిన ప్యాకెట్లు పంపి చూడండి. వినగలిగే పరికరాలైతే, పునరుద్ధరణ జరగ్గానే గేట్‌వే పాత సెషన్లన్నీ రద్దు చేసి పరిచయం మళ్లీ కోరాలి. వినలేని పరికరాలైతే కౌంటర్లను బ్యాకప్‌తో కలపకుండా, ఎప్పటికప్పుడు రాసే విడి నిల్వలో ఉంచాలి. నిన్నటి ప్యాకెట్లలో ఒక్కటి లోపలికి వెళ్లినా ఏడో అడుగును గేట్‌వే వైపు నుంచి మళ్లీ మొదలుపెట్టండి.